నాక్ సెన్సర్ రెండుసార్లు మార్చాను, పీ0327 మళ్లీ వస్తోంది

భీమవరం_మాస్టారు | సోమవారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. నాది 2014 మోడల్ కారు. 1.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్. 91 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ భీమవరం నుంచి పాలకొల్లు బడికి వెళ్లి వస్తాను.

మూడు నెలలుగా చెక్ ఇంజిన్ లైటు నన్ను వదలడం లేదు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఏమీ ఉండదు. వీరవాసరం దాటి, ముందున్న లారీని దాటుదామని గట్టిగా తొక్కేసరికి లైటు వెలుగుతుంది. ఆ తర్వాత బండిలో పికప్ చచ్చిపోతుంది. లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చే బండి ఇప్పుడు పదమూడున్నర దగ్గర ఆగిపోయింది.

మెకానిక్ స్కానర్ పెడితే పీ0327 అనే లోపం కోడ్ వచ్చింది. నాక్ సెన్సర్, అంటే ఇంజిన్ లోపలి చప్పుడు వినే భాగం, పోయిందన్నారు. మొదట 1,800 రూపాయల సెన్సర్ వేయించాను. రెండు రోజులు బాగుంది, మూడో రోజు లైటు వచ్చింది. అది నకిలీదేమో అని 4,200 పెట్టి కంపెనీ సెన్సర్ తెప్పించాను. మళ్లీ రెండు రోజులు బాగుండి, మూడో రోజు అదే లైటు. ఇప్పుడు ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరే, మార్చాలంటున్నారు. దాని ధర విన్నాక ఇక్కడ అడగకుండా ఉండలేకపోయాను. తెలిసినవారు దారి చూపించండి.

ఆటోనగర్_వైరింగ్ | సోమవారం, ఉదయం 9:15

మాస్టారు గారూ, ఈసీయూ జోలికి ఇప్పుడే వెళ్లకండి. విజయవాడ ఆటోనగర్‌లో 24 ఏళ్లుగా బండ్ల వైరింగ్ పని చేస్తున్నాను. ఈ కోడ్‌కి ఈసీయూ తప్పయిన సందర్భాలు నా చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ముందుగా నాకు నాలుగు విషయాలు చెప్పండి. లైటు వచ్చినప్పుడు కోడ్‌తో పాటు ఈసీయూ దాచుకున్న వివరాలు, అంటే ఫ్రీజ్ ఫ్రేమ్, ఎవరైనా చూశారా? అందులో ఇంజిన్ వేగం, నీటి వేడి ఎంత ఉన్నాయి? పీ0327 ఒక్కటేనా, పక్కన ఇంకేదైనా ఉందా? అన్నిటికన్నా ముఖ్యం, ఈ లైటు మొదటిసారి రావడానికి ముందు ఆ బండికి ఏ పని చేయించారు? ఏ పనీ లేదని వెంటనే రాయకండి. బిల్లులు తీసి చూసి చెప్పండి.

నల్లమల_ఘాట్ | సోమవారం, ఉదయం 10:40

ఇది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్ల కావచ్చు కదా? నేను దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ఒక్కోసారి ఇంజిన్‌లో గోలీలు గిలక్కొట్టినట్లు చప్పుడు వస్తుంది. అందరూ పెట్రోలునే అంటున్నారు.

స్పార్క్_టైమింగ్ | సోమవారం, మధ్యాహ్నం 1:20

నేను చెన్నైలో ఇంజిన్ క్యాలిబ్రేషన్ పనిలో ఉన్నాను. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి, వాటిని విడదీస్తే మాస్టారి సమస్య తేలికవుతుంది.

సిలిండర్‌లో స్పార్క్ పడ్డాక మంట ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పాకుతూ వెళుతుంది. అది చేరేలోపు చివర మిగిలిన మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తనంతట తానే భగ్గుమంటే, లోపల ఒత్తిడి అలలు గోడ నుంచి గోడకు కొట్టుకుంటాయి. దాన్నే నాక్, నాకింగ్ అంటారు. ఘాట్ గారూ, మీరు విన్న గోలీల చప్పుడు అదే. గంట చిన్నదైతే నాదం సన్నగా, పెద్దదైతే బొంగురుగా ఉన్నట్లే, సిలిండర్ వ్యాసాన్ని బట్టి ఆ మోత స్థాయి మారుతుంది. 73 మిల్లీమీటర్ల బోరుకు అది సుమారు 7.8 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, 86 మిల్లీమీటర్లకు 6.7 దగ్గరకు దిగుతుంది. నాక్ సెన్సర్ బ్లాకుకు చెవి ఆనించి ఆ మోతను వింటుంది. వంటింట్లో గ్యాసు లైటరు నొక్కితే టక్కుమని నిప్పురవ్వ పుడుతుంది కదా, సెన్సర్ లోపలా అలాంటి పదార్థమే ఉంటుంది. నొక్కినా అదిరినా కరెంటు పుట్టిస్తుంది. 1880లో క్యూరీ సోదరులు కనుగొన్న గుణం అది.

ఇథనాల్ నాకింగ్‌ను అణిచేదే కానీ పెంచేది కాదు. అసలు విషయం ఏమిటంటే, పీ0327 అంటే ఇంజిన్ నాక్ అవుతోందని అర్థమే కాదు. నాక్ సెన్సర్ సర్క్యూట్ నుంచి రావలసినంత సిగ్నల్ రావడం లేదని దాని అర్థం. పీ0328 అయితే ఉండవలసిన దానికన్నా ఎక్కువ ఉందని. పీ0325 సర్క్యూట్‌లో లోపమని, పీ0326 సిగ్నల్ పరిధి తప్పిందని. ఈ నాలుగింటిలో ఏదీ సెన్సర్ మార్చమని చెప్పదు.

ఘాట్ గారూ, మీది నిజమైన నాకింగ్. మీరు ఇంజిన్ వేడి, స్పార్క్ ప్లగ్గుల రకం, లోపలి మసి చూపించుకోండి. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు ఒకటి తగ్గించి నడపండి.

భీమవరం_మాస్టారు | సోమవారం, రాత్రి 8:05

వైరింగ్ గారూ, మీరు అడిగినవన్నీ చూశాను. 700 రూపాయల బ్లూటూత్ అడాప్టర్ ఒకటి కొని ఫోనులో చూశాను. పీ0327 ఒక్కటే ఉంది. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఇంజిన్ వేగం 3,120, నీటి వేడి 94 డిగ్రీలు, లోడు 71 శాతం, బండి వేగం 78, స్టార్ట్ చేసి 22 నిమిషాలు. పాత మెకానిక్ తీసిన ఫోటో ఒకటి నా ఫోనులో ఉంది. అందులో నీటి వేడి 95, సమయం 24 నిమిషాలు.

బిల్లులు కూడా తీశాను. లైటు మొదట వచ్చింది ఏప్రిల్ రెండో వారంలో. మార్చి 28న క్లచ్ ప్లేట్లు మార్పించాను. గేరుబాక్సు దించారు. అంతకుముందు ఏడాదిగా టైర్లు తప్ప ఏ పనీ లేదు.

ఆటోనగర్_వైరింగ్ | సోమవారం, రాత్రి 9:30

నేను వెతుకుతున్నది ఆ మార్చి 28వ తేదీనే మాస్టారూ.

గేరుబాక్సు దించాలంటే దాని మీదుగా వెళ్లే వైర్ల కట్టను క్లిప్పుల నుంచి విప్పి పక్కకు లాగాలి. తిరిగి బిగించేటప్పుడు ఒక్క క్లిప్పు విరిగినా ఆ కట్ట తన చోటు వదిలి ఎక్కడో వాలిపోతుంది. పని చేసినవారి మీద తప్పు వేయడం లేదు. పదేళ్ల ప్లాస్టిక్ ముట్టుకుంటేనే విరుగుతుంది.

సెన్సర్ మార్చిన ప్రతిసారీ రెండు రోజులు ఎందుకు బాగుందో కూడా చెబుతాను. మార్చిన చేత్తో స్కానర్‌తో కోడ్ తుడిచేస్తారు. చాలా బండ్లలో లోపం వరుసగా రెండు ప్రయాణాల్లో కనబడితేనే ఈసీయూ లైటు వెలిగిస్తుంది. మీరు సెన్సర్ మార్చకుండా కోడ్ ఒక్కటే తుడిచి ఉన్నా ఇంచుమించు అన్ని రోజులే బాగుండేది.

రేపు బండి చల్లగా ఉన్నప్పుడు ఈ కొలతలు తీయండి. మొదట సెన్సర్ ప్లగ్గు విప్పి, తాళం ఆన్ చేసి, వైరు వైపు ప్లగ్గులో వోల్టేజి చూడండి. కొన్ని ఈసీయూలు ఆ వైరు మీద రెండున్నర వోల్టులో ఐదు వోల్టులో కావాలనే నిలబెడతాయి, కొన్నిటిలో ఏమీ ఉండదు. మీ బండి వైరింగ్ పటం దొరికితే మంచిది. తర్వాత తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ విప్పి, ఈసీయూ ప్లగ్గు విప్పండి. ఈసీయూ తగిలించి ఉండగా ఓమ్స్ కొలవవద్దు. రెండు వైర్లకూ ఈ చివర నుంచి ఆ చివరకు తెంపు లేదని చూడాలి. వైరుకూ వైరుకూ మధ్య, ప్రతి వైరుకూ చుట్టూ ఉండే లోహపు తీగల జాలీకీ మధ్య, ప్రతి వైరుకూ బాడీకీ మధ్య ఏ కలయికా ఉండకూడదు. గుండుసూది గుచ్చి మాత్రం చూడవద్దు. అది జాలీ తొడిగిన వైరు, సూది పెట్టిన రంధ్రమే రేపటి లోపం అవుతుంది.

సెన్సర్‌ను విడిగా కూడా కొలవండి. మీ దానికి బోల్టు మధ్యలోంచి వెళుతుందా, లేక సెన్సరే స్క్రూలా తిరిగి బిగుస్తుందా?

ఓరుగల్లు_ట్యాక్సీ | మంగళవారం, ఉదయం 7:10

నాకూ పోయిన ఏడాది ఇదే కోడ్ వచ్చింది. ఒక షాపులో సెన్సర్ విప్పేసి ప్లగ్గులో చిన్న రెసిస్టర్ పెట్టి టేపు చుట్టారు. 150 రూపాయలు. లైటు మళ్లీ రాలేదు. మాస్టారు గారు అది ఎందుకు ప్రయత్నించకూడదు?

స్పార్క్_టైమింగ్ | మంగళవారం, ఉదయం 8:00

అన్నా, ఆ రెసిస్టర్‌ను దయచేసి ఈ వారంలోనే తీయించండి.

కొన్ని ఈసీయూలు వైరు మీద నిలబెట్టిన వోల్టేజి సరిగ్గా ఉందా లేదా అని మాత్రమే చూస్తాయి. వాటికి రెసిస్టర్ పెడితే సెన్సర్ ఉందనే అనుకుంటాయి. లైటు ఆరిపోతుంది. కానీ ఇప్పుడు మీ ఇంజిన్‌కు చెవి లేదు. సెన్సర్ పాడైందని తెలిసినప్పుడు ఈసీయూ జాగ్రత్త కోసం స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు వెనక్కి జరిపి నడుపుతుంది. మాస్టారి బండిలో పికప్ తగ్గింది అందుకే. మీ ఈసీయూకి సెన్సర్ పాడైందన్న సంగతే తెలియదు కాబట్టి స్పార్క్‌ను పూర్తిగా ముందుకే ఉంచుతుంది. మే నెల ఎండలో నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాక్ మొదలైతే ఆపేవారు లేరు. పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగిన ఇంజిన్లను నేను టెస్ట్ బెడ్ మీద చూశాను. మీ సంసారం ఆ బండి మీద నడుస్తోంది.

ఇంకో రకం ఈసీయూలు రెసిస్టర్‌కు లొంగవు. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ వాల్వుల చప్పుడు, పిస్టన్ చప్పుడు పెరుగుతాయి. నాక్ లేకపోయినా సెన్సర్‌లో ఆ హోరు కనబడాలి. 3,000 దాటినా హోరు పెరగకపోతే సెన్సర్ వినడం లేదని తేల్చుకుని కోడ్ వేస్తాయి.

కర్నూలు_స్పేర్స్ | మంగళవారం, ఉదయం 11:25

నేనూ మా వారూ కర్నూలులో విడిభాగాల దుకాణం నడుపుతున్నాం. ఈ సెన్సర్ పని చేయలేదమ్మా అని వెనక్కి తెచ్చేవారు చాలామంది. కౌంటరు మీదే మీటరు పెట్టి చూస్తే వాటిలో ఎక్కువ బాగానే ఉంటాయి.

మధ్యలో బోల్టు వెళ్లే రకానికి రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూస్తే చాలావాటికి ఒక మెగా ఓమ్‌కు పైనే ఉంటుంది. కొన్ని కంపెనీలు లోపలే రెసిస్టర్ పెడతాయి, వాటికి కొన్ని వందల కిలో ఓమ్స్ చూపిస్తుంది. అందుకని ఒక బండి లెక్క ఇంకో బండికి చెల్లదు. లోపల రెసిస్టర్ లేనివాటికి మీటరులో కెపాసిటెన్స్ పెడితే 800 నుంచి 1,600 పికోఫారడ్ల మధ్య వస్తుంది. సున్నా చూపిస్తే లోపల పగిలింది. తర్వాత ఏసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, సెన్సర్‌ను చెక్క బల్ల మీద ఉంచి, పక్కన చిన్న స్పానర్‌తో తట్టితే అంకె ఎగిరిపడాలి. సెన్సర్ నెత్తి మీద మాత్రం కొట్టకండి.

ఇంకొకటి మాస్టారు గారూ. సెన్సర్ కింద వాషరు ఉందేమో చూడండి.

భీమవరం_మాస్టారు | బుధవారం, సాయంత్రం 6:40

మా అబ్బాయి సాయంతో అన్నీ కొలిచాను. నాది మధ్యలో బోల్టు వెళ్లే రకమే, రెండు పిన్నులు. ప్లగ్గులో వోల్టేజి ఒక వైరు మీద 2.4, రెండో దాని మీద దాదాపు సున్నా. వైర్లు రెండూ తెంపు లేకుండా ఉన్నాయి. వైరుకూ వైరుకూ మధ్య, వైరుకూ జాలీకీ మధ్య, వైరుకూ బాడీకీ మధ్య ఎక్కడా కలయిక లేదు. కంపెనీ సెన్సర్ 1,120 పికోఫారడ్లు, 1,800 పెట్టి కొన్నది 1,090. స్పానర్‌తో తడితే రెండింట్లోనూ అంకె ఎగిరింది.

అంటే ఏమీ పాడవలేదు. అయినా లైటు వస్తోంది.

కర్నూలు అమ్మగారు చెప్పినట్లు బోల్టు విప్పి చూస్తే సెన్సర్‌కూ బ్లాకుకూ మధ్య ఒక స్ప్రింగ్ వాషరు ఉంది. దాని కింద బ్లాకు మీద తుప్పు పొర. దోషం ఇదేనా?

ఆటోనగర్_వైరింగ్ | బుధవారం, రాత్రి 8:50

అది ఒక దోషమే, వెంటనే తీసేయండి. సెన్సర్ ముఖం బ్లాకు ఇనుముకు నేరుగా ఆనాలి. మధ్యలో వాషరు ఉంటే తలుపుకు దుప్పటి కప్పి లోపలి మాటలు వినబోయినట్లే. తుప్పును సన్నని ఎమరీ కాగితంతో తుడిచి, గుడ్డతో శుభ్రం చేసి, పెయింటు, గ్రీజు ఏదీ పెట్టకుండా బిగించండి. ఈ 8 మిల్లీమీటర్ల బోల్టుకు 20 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచి లేకపోతే అద్దెకు తెచ్చుకోండి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. వదులైనా, మరీ బిగువైనా సెన్సర్ వినే తీరు మారిపోతుంది.

అయితే మనసులో మాట చెబుతున్నాను. వాషరు ఒక్కటే కారణమైతే బండి వేడెక్కేదాకా ఆగవలసిన పని లేదు. పొద్దున ఐదో నిమిషంలో గట్టిగా తొక్కినా కోడ్ రావాలి. మీకు రెండుసార్లూ 20 నిమిషాలు దాటాకే వచ్చింది.

హ్యూస్టన్_తెలుగు | గురువారం, ఉదయం 5:30

నమస్కారం. మాది తెనాలి, ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉంటున్నాను. నా దగ్గర 2004 నాటి 5.3 లీటర్ల వి8 పికప్ ట్రక్కు ఉంది. దానికి రెండు నాక్ సెన్సర్లు. రెండు వరుసల సిలిండర్ల మధ్య లోయలాంటి చోటు ఉంటుంది కదా, అక్కడ గుంటల్లో దిగేసి ఉంటాయి. పైన ఇంటేక్ మానిఫోల్డ్ మూసేస్తుంది. నాకు పీ0332 వచ్చింది, అంటే రెండో సెన్సర్ సర్క్యూట్ సిగ్నల్ తక్కువని.

మానిఫోల్డ్ తీసి చూస్తే వెనక గుంటలో తుప్పు నీళ్ల మరక. వాన నీరో, ఇంజిన్ కడిగిన నీరో అందులోకి జారి నిలిచిపోతుంది. ఆ సెన్సర్ స్క్రూలా తిప్పి బిగించే రకం, ఒకే వైరు, ఎర్తు దాని స్క్రూ మరల ద్వారానే అందుతుంది. ఆ మరల నిండా తుప్పు పట్టాక ఎర్తు ఎక్కడి నుంచి వస్తుంది? రెండు సెన్సర్లూ, వాటి మధ్య వైరూ మార్చి, వెనక గుంట చుట్టూ సగం దాకా సిలికాన్‌తో చిన్న గట్టు కట్టాను. పొలంలో నీరు మళ్లించినట్లు నీరు పక్కకు పోతుంది. గుంటను పూర్తిగా మూయకూడదు, లోపలికి చేరిన తేమ బయటకు పోవాలి. నాలుగేళ్లయింది, లైటు రాలేదు.

ఇలాంటి ఒక వైరు సెన్సర్లకు మరల మీద తెల్ల టేపు చుట్టవద్దని అందరికీ చెప్పండి. అది చుడితే ఎర్తు పోతుంది.

భీమవరం_మాస్టారు | తర్వాతి మంగళవారం, సాయంత్రం 7:15

వాషరు తీసి, శుభ్రం చేసి, 20కి బిగించి, కోడ్ తుడిచి గురువారం నుంచి నడుపుతున్నాను. నాలుగు రోజులు లైటు లేదు. నిన్న రాత్రి ఇక్కడ శుభవార్త రాద్దామనుకున్నాను. ఈ రోజు పాలకొల్లు నుంచి వస్తుంటే మళ్లీ పీ0327. నీటి వేడి 96, స్టార్ట్ చేసి 26 నిమిషాలు.

చాలా నిరుత్సాహంగా ఉంది. ఇక ఈసీయూయేనా?

ఆటోనగర్_వైరింగ్ | మంగళవారం, రాత్రి 9:00

కాదు మాస్టారూ. మీరు తీసిన కొలతలన్నీ నిజమే, కానీ అన్నీ చల్లటి బండి మీద తీసినవి. లోపం వేడిలో వస్తోంది. జ్వరం ఉన్నప్పుడే కదా రోగి ఒళ్లు పట్టి చూడాలి.

ఇంకో ఆధారం మీ కోడ్‌లోనే ఉంది. మీ ఈసీయూ ఆ వైరు మీద 2.4 వోల్టులు నిలబెడుతోంది. మీరు ప్లగ్గు విప్పి కొలిచినప్పుడే అది వచ్చింది కాబట్టి, వైరు తెగినా ఆ వోల్టేజి కిందికి పడదు. మీకు వస్తున్నది 0327, అంటే కిందికి పడిపోతోంది. వైరు తెగడం లేదు, ఎక్కడో దేనికో తగులుతోంది. తగిలితే ఎక్కువగా తన చుట్టూ ఉన్న జాలీకే. జాలీ ఈసీయూ వైపు ఎర్తులో ఉంటుంది.

రేపు అరగంట నడిపి వచ్చి, బండి ఆపి, వెంటనే బ్యాటరీ విప్పి, ఈసీయూ ప్లగ్గు, సెన్సర్ ప్లగ్గు రెండూ విప్పండి. మీటరును సిగ్నల్ వైరుకూ జాలీకీ మధ్య పెట్టి మీ అబ్బాయిని అంకె చూడమనండి. మీరు గేరుబాక్సు వైపు నుంచి కట్టను జానెడు జానెడుగా పట్టుకుని మెల్లగా ఎత్తి దించుతూ రండి. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి, అక్కడ అన్నీ కాలుతుంటాయి. బండి చల్లారిపోతే తల ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఆ చోటును వేడి చేయండి.

భీమవరం_మాస్టారు | బుధవారం, రాత్రి 8:20

దొరికింది!

మీరు చెప్పినట్లే చేశాం. బండి ఆపిన వెంటనే మీటరులో 38 ఓమ్స్. వారం కింద అదే రెండు చోట్ల మధ్య ఏ కలయికా చూపించలేదు. నేను కట్టను బ్యాటరీ పళ్లెం కింది నుంచి ఎత్తుతూ వెళ్లాను. గేరుబాక్సు పైన, ఇంజిన్ చివర ఈజీఆర్ గొట్టం, అంటే వేడి పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే గొట్టం, దాటే చోట చేయి పెట్టి ఎత్తగానే మా వాడు “నాన్నా, పోయింది” అన్నాడు. వదిలాను, “మళ్లీ 38” అన్నాడు. ఎత్తాను, పోయింది. పది సార్లు చేశాం, పది సార్లూ అంతే.

అక్కడ ఉండవలసిన క్లిప్పు విరిగి, దాని సగం ముక్క బ్రాకెట్‌లోనే ఉంది. కట్ట వాలిపోయి గొట్టం మీద పడుకుంది. బయటి గొట్టపు తొడుగు ఒక పక్క మెరుగు పోయి చదునుగా అయింది తప్ప పై నుంచి చూస్తే ఎవరికీ అనుమానం రాదు. బ్లేడుతో తొడుగు చీల్చి చూశాను. నల్లటి పై పొర కింద జాలీ తీగలు రంగు మారి ఉన్నాయి. వాటి కింద రెండు సన్న వైర్లు. ఒకటి తెల్లగానే ఉంది. రెండోదాని తెల్ల తొడుగు ఒక అంగుళం మేర బెల్లం పాకం రంగుకు తిరిగి మెత్తబడింది. జాలీలోని వెంట్రుకంత తీగ ఒకటి అందులోకి దిగి ఉంది. చల్లగా ఉన్నప్పుడు గోరుతో నొక్కితే గట్టిగా ఉంది. డ్రయ్యర్ గాలి తగిలిన కాసేపటికి ఆ తీగ ఇంకా లోపలికి దిగడం భూతద్దంలో కనబడింది.

మూడు నెలలుగా ఆరు వేలు ఖర్చు పెట్టించింది ఆ ఒక్క తీగ. వైరింగ్ గారూ, మీరు భీమవరం నుంచి ఇంత దూరాన ఉండి ఆ చోటు చెప్పారు. మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఆటోనగర్_వైరింగ్ | బుధవారం, రాత్రి 9:10

మీ అబ్బాయికి నా ఆశీస్సులు మాస్టారూ, మంచి చేయి ఉంది.

ఇప్పుడు తొందరపడి టేపు చుట్టవద్దు. ఆ ముక్క మొత్తం కోసి తీసేయండి, పాకం రంగుకు తిరిగిన చోటుకు అటూ ఇటూ రెండేసి అంగుళాలు కలిపి. దాని స్థానంలో మామూలు వైరు వేయకూడదు. రెండు వైర్లు మెలితిప్పి, చుట్టూ జాలీ ఉండి, 125 డిగ్రీల వేడి తట్టుకునే రకం కావాలి. పాత బండ్ల సామాన్ల దగ్గర మంచి స్థితిలో ఉన్న నాక్ సెన్సర్ వైరే అడిగి తెచ్చుకుంటే ఇంకా మేలు. రెండు టంకాలూ ఒకే చోట రాకుండా ఒకటి వెనక, ఒకటి ముందు వేయండి. ప్రతిదానికీ లోపల జిగురు ఉన్న స్లీవు తొడిగి వేడి చేయండి. తర్వాత జాలీని జాలీతో కలిపి అతకండి. ఈ పని చాలామంది వదిలేస్తారు. జాలీ మధ్యలో తెగితే ఇగ్నిషన్ కాయిల్ రొద, ఆల్టర్నేటర్ రొద లోపలికి చొరబడి, లేని నాక్ ఉన్నట్లు ఈసీయూకి అనిపిస్తుంది. మీ కోడ్ పోయి ఇంకో కోడ్ వస్తుంది. జాలీకి సెన్సర్ వైపు ఎర్తు ఇవ్వవద్దు, ఈసీయూ వైపు ఒక్కటే చాలు.

చివరగా కొత్త క్లిప్పు వేసి, కట్టను ఆ గొట్టానికి కనీసం నాలుగు వేళ్ల దూరంలో నిలబెట్టండి. పైన వేడి ఆపే వెండి రంగు తొడుగు వేయండి.

స్పార్క్_టైమింగ్ | గురువారం, ఉదయం 7:45

అభినందనలు మాస్టారూ. పని అయ్యాక కోడ్ తుడిచి లైటు కోసం ఎదురుచూడకండి, మీ అడాప్టర్‌తోనే ఫోనులో ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ ఎప్పుడు పడుతోందో, చూడండి. బండి బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, పక్కన అబ్బాయి ఫోను చూస్తుండగా మూడో గేరులో 1,500 నుంచి 4,000 దాకా నిదానంగా తొక్కండి. ఇదివరకు లైటు వెలిగాక తీసిన అంకెలు ఉంటే పోల్చండి. స్పార్క్ మళ్లీ ముందుకు వచ్చి ఉండాలి.

ఓరుగల్లు_ట్యాక్సీ | శుక్రవారం, రాత్రి 10:30

తమ్ముడు స్పార్క్ చెప్పిన రోజు నుంచి నిద్ర పట్టలేదు. ఈ రోజు రెసిస్టర్ తీయించాను. అసలు ప్లగ్గు విప్పి చూస్తే రెండు పిన్నుల్లో ఒకటి ఆకుపచ్చ చిలుము పట్టి సగం తినేసి ఉంది. సెన్సర్ బాగానే ఉంది. పిన్నూ, రబ్బరు సీలూ మార్చితే 300 అయింది. లైటు రాలేదు. స్పార్క్ ప్లగ్గుల రంధ్రాల నుంచి కెమెరా దించి పిస్టన్లు చూపించుకున్నాను, గాట్లేమీ లేవన్నారు. మాస్టారు గారూ, మీరు ఈ ప్రశ్న అడగకపోతే నేను అలాగే తిరుగుతూ ఉండేవాడిని.

నల్లమల_ఘాట్ | శనివారం, ఉదయం 9:05

నాది కూడా రాస్తున్నాను. స్పార్క్ ప్లగ్గులు విప్పితే ఆ ఇంజిన్‌కు చెప్పిన దానికన్నా వేడి రకం వేసి ఉన్నాయి. సరైనవి వేశాక నిన్న శ్రీశైలం వెళ్లి వచ్చాను. గోలీల చప్పుడు లేదు.

భీమవరం_మాస్టారు | మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 6:30

ఇన్ని రోజులు కావాలనే ఆగాను. 1,240 కిలోమీటర్లు తిరిగాక రాస్తున్నాను. రెండుసార్లు ఒడ్డు దాకా వచ్చి మునిగినవాణ్ణి కాబట్టి తొందరపడదలచుకోలేదు.

తాడేపల్లిగూడెంలో పాత బండ్ల సామాన్ల దగ్గర జాలీ ఉన్న వైరు 250కి దొరికింది. ఇక్కడి వైరింగ్ మేస్త్రి మీ సూచన చదివించుకుని మరీ అలాగే అతికారు. జాలీ అతికేటప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను. పని అయ్యాక వేడి బండి మీద మళ్లీ కొలిచాం, కట్టను ఎంత కదిపినా కలయిక లేదు. మూడో గేరులో 3,000 దగ్గర టైమింగ్, లైటు ఉన్న రోజుల్లో కన్నా 7 డిగ్రీలు ముందుకు వచ్చింది. నిన్న ట్యాంకు నింపి లెక్క వేస్తే లీటరుకు 16.8. వీరవాసరం దగ్గర లారీని దాటేటప్పుడు పాత బండి చేతికి వచ్చినట్లుంది.

ఇప్పుడు నా బల్ల మీద రెండు మంచి నాక్ సెన్సర్లు ఖాళీగా ఉన్నాయి. ఒకటి బండితో పాటు వచ్చింది. దాన్నీ కొలిచాను, 1,140 పికోఫారడ్లు, తడితే పలుకుతోంది. రెండోది 1,800 పెట్టి కొన్నది. భీమవరం చుట్టుపక్కల ఎవరికైనా ఇదే రకం, మధ్యలో 8 మిల్లీమీటర్ల బోల్టు, రెండు పిన్నులది, నిజంగా పాడైందని కొలిచి తేలితే నాకు ఇక్కడే సందేశం పెట్టండి. ఊరికే ఇస్తాను. వచ్చేటప్పుడు మీటరులో వచ్చిన అంకెలు రాసుకుని రండి.